జానెడు నీరు, మూరెడు నీరు

తిరువళ్ళూరు, తిరుత్తణి సీమలలో శీతకాలము చలితో గాక నీటితో మొదలగును. నైరుతి వానలు వెనుదిరిగిన పిమ్మట, ఆశ్వయుజ కార్తికములలో బంగాళాఖాతపు తేమను మోసికొని వచ్చు ఈశాన్య ఋతుపవనము ఈ తొండమండలపు నేలను నానబెట్టి, తరతరములుగా త్రవ్వుకొనుచు వచ్చిన గొలుసుకట్టు చెరువులను ఒకదాని అలుగునీటితో మరియొకదానిని నింపుచు దిగువకు సాగి, మార్గశిరము వచ్చునప్పటికి పల్లమున్న చోటనెల్ల ఒక మడుగును మిగుల్చును. సరిగా ఆ దినములలోనే ఉత్తరమున సైబీరియా చిత్తడి నేలలును, మధ్యాసియా సరస్సులును గడ్డకట్టి, అచ్చట మేసెడి బాతులకును ఉల్లంకులకును ముక్కు దూర్చుటకైన చోటు లేకుండును. ఈ రెండు సంగతులకు కుదిరిన పొంతనను యాదృచ్ఛికమని కొట్టివేయరాదు. ఏలయన, దీనికి తగిన త్రోవ పట్టిన పక్షులకే సంతానము మిగిలినది, త్రోవ తప్పినవానికి మిగులలేదు. నేడు మన చెరువుగట్టున దిగునవి ఆ మిగిలినవాని మనుమలు, మునిమనుమలు.

నీరు గడ్డకట్టిన పిమ్మట బయలుదేరినచో పక్షి చేరునది గమ్యమునకు గాదు, మృత్యువునకు. కనుక ముందుగా తెలియవలెను. ఎట్లు తెలియును? కెనడా దేశమున ఎడ్మంటన్ నగరములో ప్రాణిశాస్త్రాచార్యుడైన విలియం రోవన్ 1920ల నడుమ జుంకో అను చిన్న పిట్టలను ఆరుబయటి పంజరములలో నుంచి, ఎముకలు కొఱుకు ఆ చలిలోనే విద్యుద్దీపములు వెలిగించి, వానికి పగటి నిడివిని దినదినము కొంచెము కొంచెముగా పొడిగించెను. చలి చలిగానే యుండెను. అయినను నడి శీతకాలముననే ఆ పిట్టల బీజకోశములు వసంతమునందువలె ఉబ్బినవి. పక్షి శరీరము ఋతువును లెక్కించునది చలిని బట్టి గాదు, వెలుతురు నిడివిని బట్టి యని ఈ ప్రయోగముతో తేటపడినది. వాన ఒక యేడు ముందు రావచ్చును, ఒక యేడు రాకయే పోవచ్చును. పగటి నిడివి మాత్రము ఏ యేటికా యేడు గడియ తప్పదు. అందుచేతనే మనము ఇంకను ఉక్కపోతతో విసనకఱ్ఱలు త్రిప్పుకొనుచుండు శ్రావణ భాద్రపదములలోనే కాటుకపిట్టలు, ఉల్లంకులు కొన్ని ఇచ్చటికి దిగి, ఎండిన చెరువుల నడుమ మిగిలిన తడిని వెదకికొనుచు, రాబోవు వానకై మనతోపాటు ఎదురుచూచును.

ఈ అధ్యాయమునకు ఆధారమైన యాత్ర పుష్యమాసములో జరిగినది. బడిలో గణితము చెప్పి విశ్రాంతి పొందిన మాస్టారొకరు, రైల్వే కొలువులో జీవితమంతయు గడపిన మిత్రుడొకడు, భుజమున బరువైన కెమెరా తగిలించుకొనిన యువకుడొకడు, నేను. మదరాసు నుండి తొలి బండిలో తిరువళ్ళూరు దిగునప్పటికి తూర్పు తెల్లవారుచుండెను. వీరరాఘవస్వామి వారి హృత్తాపనాశిని పుష్కరిణిలో బుడబుంగలున్నవేమో చూచి పోదమని రైల్వే మిత్రుడు పట్టుబట్టెను, ఉన్నవి. స్నానమునకు దిగినవారు మునుగునంతలో అవియు మునిగి, వారు లేచునంతలో మరియొక మూలన తేలుచుండెను. ఆ ముచ్చటకు కాఫీ చల్లారినది గాని ఆలస్యమునకు ఎవ్వరును విసుగుకొనలేదు.

ఊరు దాటిన తరువాత బాడుగకారులో పోవుచు మేము మొదట ఆగినది పేరున్న తావేమియు గాదు. ఒక పల్లెటూరి చెరువు. తమిళులు దీనిని ఏరి యందురు. ఇటువంటి ఏరులను కాపాడుటకు పదవ శతాబ్దమునందే గ్రామసభలలో ఏరివారియ మను ప్రత్యేక సంఘము ఉండెడిదని ఉత్తరమేరూరు శాసనములు చెప్పుచున్నవి. గట్టు మీద తాటిచెట్ల వరుస, తూము దగ్గఱ బట్టలుతుకు బండ, ఆవలి వైపున ఎంతవఱకు నీరో ఎంతవఱకు శిఖము భూమియో తెలియని విశాలమైన పల్లము. దుర్భిణీని కంటికి ఆనించుటకు ముందు మాస్టారు అడుగు ప్రశ్న ఎప్పుడును ఒక్కటే: "నీరెంత లోతున్నది?" పక్షులను చూచుటకు వచ్చినవానికి ఇది వింత ప్రశ్న యనిపించును, కాని చెరువున ఏ పక్షి యుండునో, ఏది యుండదో నిర్ణయించు సూత్రము ఇదియే.

తడి ఆరని ఒండ్రుమట్టి మీద, అసలు నీరు లేనిచోట, పసుపు వలయము గల కన్నులతో గులకరాయియంత యుండు చిన్న పిట్టలు పరుగెత్తి, టక్కున ఆగి, ఒకసారి వంగి, మరల పరుగెత్తుచుండెను. ఇవి చూపుతో వేటాడునవి, కావున ముక్కు పొట్టి, కన్ను పెద్ద. దానికి నాలుగడుగుల ఆవల, బెత్తెడు నీటిలో, వీపున చుక్కలు గల ఉల్లంకులు తోక ఆడించుచు మెత్తని బురదలోని పురుగులను పొడుచుకొనుచుండెను. ఒక్కొక్కటి కొద్ది తులముల బరువునకు మించి తూగునది కాదు. ఉత్తర యూరోపు, సైబీరియా అడవుల నడుమనున్న చిత్తడి నేలలలో పొదగబడి, ఆ తులముల దేహముతోనే ఇంతదూరము ఎగిరివచ్చినది. జానెడు నీరున్నచోట పొడుగుకాళ్ళ పిట్టలు. సన్నని గులాబిరంగు కాళ్ళ మీద నలుపు తెలుపుల దేహమును మోసికొనుచు, ఉల్లంకులకు అందని మేతను ఏరుకొనుచుండెను. మూరెడు నీటిలో కొంగలు. ఆపైని తలక్రిందులై తోక మాత్రము పైకి నిలిపి అడుగున మేయు సూదితోక బాతులు. నిలువెత్తు నీటిలో మునిగి చేపను తఱుము నీటికాకులు. ఒక్క చెరువులో ఇన్ని జాతులు కలహము లేక భుజించుచున్నవన్నచో అది సౌజన్యము గాదు. కాలి పొడవును, ముక్కు పొడవును ప్రకృతి వేఱువేఱు కొలతలతో కత్తిరించి యిచ్చుటచే ఒకదాని విస్తరి మరియొకదానికి అందదు.

ఎఱ్ఱకాళ్ళ కొంగ మేయు తీరును మేము చాలసేపు చూచితిమి. అది మోకాలిలోతు కలకనీటిలో నిలిచి, పసుపుపచ్చని ముక్కును సగము తెఱచి నీటిలో ముంచి, ఇటునటు మెల్లగా ఊపుచు, ఒక కాలితో అడుగుబురదను కదపును. కన్నుతో దానికి పనిలేదు. ఆ నీటిలో కన్నున్నను ప్రయోజనము లేదు. బెదరిన చేప ముక్కుకు తగులుటయే తడవుగా దవడలు మూతపడును. దీని జ్ఞాతియైన అమెరికా కొంగ మీద 1963లో శాస్త్రజ్ఞులు జరిపిన పరిశోధనలో, చేప తగులుటకును ముక్కు మూయుటకును నడుమ సెకనులో నలుబదవ వంతు కాలము మాత్రమే పట్టునని తేలినది; వెన్నెముక గల జంతువులలో ఇంతటి వేగముగల ప్రతిచర్య అరుదు. ఈ వేట ఫలించుటకు చేపలు చిక్కగా నుండవలెను, అనగా నీరు తగ్గుచు అవి గుంటలలోనికి చేరవలెను. దాని ప్రక్కనే నత్తగొట్టు కొంగ యుండెను. దాని రెండు దవడల నడుమ, ముక్కు మూసినను మూతపడని సందొకటి కలదు. ఆ సందున నత్తను ఇఱికించి అడకత్తెరవలె పగులగొట్టునని పెద్దలందఱు చాలకాలము నమ్మిరి. అది నిజము గాదు. క్రింది దవడ సన్నని కొనను నత్తమూత క్రిందుగా దూర్చి, కండరమును కోసి, గుల్ల పగులకుండ మాంసమును లాగుకొనును. గట్టున పడియున్న గుల్లలను మాస్టారు ఏరి చూపించెను: ఒక్కటియు చిట్లలేదు.

పూండి జలాశయమున మాకు కలిగినది ఆశాభంగమే యనవచ్చును, అది ఎదురుచూచిన ఆశాభంగమే యైనను. కుశస్థలి నదికి అడ్డుకట్ట వేయుటకు మదరాసు మేయరుగా నుండి పూనుకొనిన సత్యమూర్తి 1943లోనే కీర్తిశేషుడయ్యెను. 1944లో పూర్తియైన జలాశయమునకు తరువాత ఆయన పేరే నిలిచినది. మూడు వేల రెండువందల మిలియను ఘనపుటడుగులకు పైగా పట్టు ఆ జలరాశి ఆ యేటి మంచి వానలకు గట్టుల నొరసికొని నిండియుండెను. నిండిన జలాశయము నగరవాసికి కన్నులపండుగ గాని ఉల్లంకికి ఎడారి. అంచున బెత్తెడు నీరు లేదు, ఒండ్రు లేదు. ఎటు చూచినను నిలువులకొలది లోతు. దూరముగా గూడబాతుల గుంపొకటి సంచి వ్రేలాడు ముక్కులతో నిశ్చింతగా తేలుచుండెను. ఇవి పరదేశి అతిథులు గావు. సూళ్ళూరుపేట చేరువనున్న నేలపట్టు చెరువులో నీట మునిగిన చెట్లమీద ఈ ఋతువుననే గూళ్ళు కట్టి పిల్లలను చేయు జాతి ఇది. ఒక కొరమీను గద్ద మాత్రము ఎత్తుననుండి కాళ్ళు ముందుకు చాచి నీటిపై పడి, వట్టి చేతులతో లేచి, తడిరెక్కలను విదిలించుకొనుచు పోయెను. కెమెరా యువకుడు దానితోనే తృప్తిపడెను.

వానలు బాగుగా కురిసిన యేడు పెద్ద జలాశయమున పక్షులు పలుచబడుననుట ఈ విద్యలో ఆరితేరినవారందఱు ఎఱిగినదే; అవి లేక కాదు, ఊరూర చిన్నచిన్న మడుగులున్నందున అన్నియు చెదరిపోవును. మాఘ ఫాల్గుణములలో చిన్న చెరువులెండి, పెద్దదాని అంచు దిగి, ఒండ్రు బయటపడినప్పుడు మరల ఇచ్చటకే మూగును. కావున ఒక్కచోట ఒక్కనాటి లెక్కను చూచి పక్షులు తగ్గినవనియో పెరిగినవనియో వ్రాయుట తొందరపాటు. 1987 నుండి ప్రతి జనవరిలోను ఆసియా ఖండమందంతట ఒకే దినములలో నీటిపక్షులను గణించు ఆచారము ఏర్పడినది ఇందులకే.

ఈ జలాశయమున కుశస్థలి నీరు మాత్రమే కాదు, కృష్ణానది నీరు కూడ కలదు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర రాష్ట్రములు తమ వాటాలనుండి తలకు అయిదు టి.ఎం.సి.ల చొప్పున మదరాసు దాహమునకు విడిచిపెట్టగా, శ్రీశైలము నుండి సోమశిల, కండలేరుల మీదుగా తెలుగుగంగ కాలువ 1996లో పూండిని చేరినది. ఈ కాలువను పాఠకుడు గుర్తుంచుకొనవలెను. మరల దీనితో పని యున్నది.

పూండికి సమీపముననే అత్తిరంపాక్కము కలదు. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఇచ్చట ఆదిమానవుని రాతి గొడ్డళ్ళను కనుగొనెను. వానిలో అతి ప్రాచీనములైనవి పదునైదు లక్షల యేండ్ల నాటివని ఇటీవలి పరిశోధకులు నిర్ణయించినారు. ఆనాటి మనుష్యుడు ఈ నది యొడ్డున ఏ పక్షులను చూచెనో! రైల్వే మిత్రునికి రాళ్ళమీద మోజు హెచ్చు. అతనిని అక్కడినుండి కదల్చుట కష్టమైనది.

పూండి నుండి తిరుత్తణి దిశగా పోవు బాటకు ఇరువైపుల వరిపొలములు, చెఱకుతోటలు, నడుమ వేరుసెనగ చేలు. తంతితీగల మీద పసులపోలిగాళ్ళు బారులుతీరి కూర్చుండెను. విద్యుత్ స్తంభమున పాలపిట్ట యొకటి, కూర్చున్నంతసేపు మట్టిరంగుతో నుండి, ఎగిరినంతనే రెక్కల నీలమును ఒక్కపెట్టున విప్పి మమ్ములను నోరు మెదపనీయలేదు. కోసిన మడిమీదుగా పిల్లిగద్ద యొకటి తక్కువయెత్తున తూలుచు, నేలను జల్లెడపట్టుచు పోయెను. పిల్లిగద్ద జాతులలో కొన్ని కజకస్థాన్ గడ్డిమైదానములలో పుట్టి, మన మెట్టచేలలో మిడుతలను తిని చలికాలము గడపి, రాత్రివేళ చెట్టెక్కక గడ్డిలో నేలమీదనే నిదురించును. గడ్డిబీడు దున్నబడిన యేట వానికి పడకలేదు.

తిరుత్తణి సీమకు వచ్చుసరికి నేల ఎఱ్ఱబడి, రాయి పైకి తేలి, మాటయు మారును. 1960 ఏప్రిల్ 1వ తేదీవఱకు ఇది చిత్తూరు జిల్లాలోని తాలూకా. సరిహద్దులు దిద్దినప్పుడు మదరాసు రాష్ట్రమునకు పోయినది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో జన్మించిన ఊరిది. నేటికిని చుట్టుపట్ల పల్లెలలో తెలుగు ఇంటిమాటగానే నిలిచియున్నది. యాత్రికులందఱు మురుగన్ కొండమెట్ల వైపు పోవుచుండగా మేము ఎదురు దిక్కున, కలివి, పరికి, బలుసు పొదలతో నిండిన ఒక రాళ్ళగుట్ట పాదమునకు పోయితిమి. అక్కడ మేకలు తోలుకొనుచున్న ముసలాయన మమ్ము ఎగాదిగా చూచి, "యాడికి సామీ, గుడికి దోవ ఇట్ల గాదే" అనెను.

"గుడికి కాదు తాతా, పిట్టల్ని చూడ్డానికి" అంటిని.

"పిట్టల్ని సూసేదానికి మద్రాసునించి వచ్చినారా? దినమ్మూ మా కయ్యల్లో తిరిగేవే గదా అవి!" అని నవ్వి, అయినను మా వెంటనే నడచెను.

రెవెన్యూ లెక్కలలో ఇటువంటి భూమికి బంజరు, పోరంబోకు అని పేర్లు. పన్ను రానిది, పంట పండనిది గనుక పనికిరానిదని ఆ లెక్కల తీర్పు. నా తీర్పు వేఱు. చెరువున మేము చూచిన పక్షులకు నీరున్న మరియొక చెరువు చాలును. ఈ ముండ్లపొదల పక్షులకు ఇది తప్ప వేఱు ఇల్లు లేదు. పొదలనుండి కౌజులు జంటగా కూయుచుండెను. నీలి కన్నుచుట్టు గల పొడుగుతోక కోకిలజాతి పక్షి యొకటి కొమ్మలనడుమ ఎలుకవలె జాఱి మాయమయ్యెను. ప్రొద్దు వాలుచుండగా ఎండుటాకుల చాటున రెండు స్వరముల ఈలయొకటి వినవచ్చినది, పొన్నంగి పిట్ట! తమిళులు దానిని ఆఱుమణి కురువి యనుట, అది సాయంకాలము ఆఱుగంటల వేళకు తప్పక పలుకుటచేతనే. హిమాలయపు దిగువ అడవులలోను మధ్యభారతమునందును గూడుకట్టి, శీతకాలమునకు దక్షిణమునకు దిగు ఈ చిన్నపక్షి రాత్రిపూట ప్రయాణించి, కొన్నివేళల అలసి మదరాసు ఇండ్ల పెరళ్ళలో పడిపోవును. ఆకులను ముక్కుతో తిరుగవేయుచు అది ఒక్కసారి వెలుతురులోనికి వచ్చినప్పుడు పచ్చని వీపు, రెక్కపై నీలి మచ్చ, తోక క్రింది కుంకుమవన్నె అన్నియు కనబడెను. కెమెరా యువకుడు మీట నొక్కుట మఱచెను.

ఈ తూర్పుకనుమల పక్షులను శాస్త్రలోకమునకు ఎఱుకపఱచినవారిలో అగ్రగణ్యుడు థామస్ జెర్డన్. 1840ల ప్రాంతమున నెల్లూరులో వైద్యాధికారిగా నుండి, యానాదులను అడిగి తెలిసికొనుచు, పక్షుల తెలుగు పేర్లను సైతము తన గ్రంథములలో ఎక్కించెను. ఇటువంటి రాళ్ళగుట్టల మీదనే బ్రతుకు పసుపుగొంతు పిగిలిపిట్టను తొలుత వర్ణించినవాడు ఆయనయే. 1848లో పక్షిశాస్త్రజ్ఞుడు బ్లిత్ వర్ణించి శాస్త్రనామమిచ్చిన, ఆంగ్లమున జెర్డన్ పేరనే పిలువబడు కలివికోడి 1900 తరువాత ఎవ్వరికిని కనబడక, అంతరించినదనిపించుకొని, 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గఱి పొదలలో ఐతన్న అను వేటగానికి చిక్కి, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారి భరత్ భూషణ్ ద్వారా మరల లోకమునకు తెలిసినది. రాత్రి తిరుగునది, పగలు పొదనీడన కదలక యుండునది. పొద మరీ దట్టమైనను, మరీ పలుచనైనను అది నిలువదు. 2005 ప్రాంతమున ఆ పొదలగుండ త్రవ్వకము సాగినది. ఏ పనికని యనుకొనుచున్నారు? తెలుగుగంగ కాలువకు. పూండిలో గూడబాతు తేలుటకు నీరిచ్చిన పథకమే కడపలో కలివికోడి కాలిక్రింది నేలను పెకలింపబోయినది. పక్షిప్రియులు మొఱపెట్టగా కాలువ దారి మార్చబడినది. నీటికి తహతహలాడు మనకు పొదను ఎవరైన గుర్తుచేయవలసియే వచ్చును. బంజరని వ్రాసియున్న కాగితమున కలివికోడి పేరుండదు గదా!

గుట్ట వెనుక విడిచిపెట్టిన కంకరరాళ్ళ గని యొకటి యుండెను. నిలువునా కోసిన ఆ గోడ నడుమ ఒక తిన్నెమీద కొండగుడ్లగూబ, చెవులవలె నిక్కిన ఈకలతో, నారింజరంగు కన్నులతో మమ్ము చూచుచుండెను. చలికాలమే దానికి గుడ్లుపెట్టు కాలము. గూడు కట్టదు, రాతి తిన్నె చాలును. మేము దగ్గఱకు పోలేదు. గోడపాదమున మాత్రము అది క్రక్కిన బొచ్చు ఉండలు పడియుండెను. గుడ్లగూబ మింగిన దానిలో ఎముకయు వెండ్రుకయు అరుగక కడుపున ఉండకట్టి నోట తిరిగివచ్చును. మాస్టారు ఒకదానిని పుల్లతో విప్పగా బూడిదరంగు బొచ్చు నడుమ చిన్న పుఱ్ఱె ముక్కలు, వాటితో రెండు దవడలు, ముందుపండ్లు పసుపుపచ్చగా, ఉలివలె వంగి.

ముసలాయన వంగి చూచెను. "దీన్ని సూస్తే అరిష్టమని మా పిలకాయలు రాళ్ళేస్తారు సామీ. ఈ పల్లు పందికొక్కుది గదా?"

"పందికొక్కుదో ఎలుకదో. ఇది తినేవాటిలో ఎక్కువ భాగం అవే" అని మాస్టారు చెప్పెను.

"పోయినేడు మా సెనక్కాయి సేన్లో సగం తోడి పారేసినాయి" అని ఆయన గోడవైపు కొంతసేపు చూచెను. "ఉండనీండి సామీ దీన్ని. రాళ్ళేసే వాళ్ళకి నేను జెప్తా."